క్షేమం లేని కార్డు

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రేమదాసు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. వసారాలో నులకమంచం మీద నాయనమ్మ ఆదెమ్మ. మంచం కింద, గంపలో గుడ్లు పొదుగుతున్న నల్లకోడి. లోపలి గదిలో, చర్చిలో గంట కొట్టి వచ్చి తెల్లచొక్కా కూడా విప్పకుండా చాప మీద నిద్రపోతున్న ప్రేమదాసు. పొయ్యి దగ్గర గోంగూర ఎనుపుతున్న అతని భార్య రెబ్కా. వీధి తలుపు చాటున, బయటివాళ్లకు కనపడకుండా, లోపలివాళ్లకు అడ్డం కాకుండా, చిన్నప్పటి నుంచీ తనకు అలవాటైన జానెడు చోటులో వాళ్ల కూతురు సంతోషకుమారి.

ఆ పిల్ల ఒళ్లో పురుగుమందుల కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఉంది. రోజూ అందులో ఏదో ఒకటి రాసే పిల్ల, వారం నుంచి ఒక్క ముక్క రాయలేదు. ఎందుకో పోయినవారం మనతో ఉన్నవాళ్లకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. గంగావతి దగ్గర, మనవైపు రైతులు వెళ్లి కాలవ కింద వరి వేసుకునే క్యాంపుకు పనికి వెళ్లిన బుల్లయ్యకు అతని భార్య రాజ్యం ఒక కార్డు రాయించింది. రాసింది సంతోషకుమారి. రాజ్యం చెప్పినవన్నీ రాసింది గానీ ఒక్క మాట వదిలేసింది. కార్డు డబ్బాలో వేశాక భయం పుట్టి, వెనక్కి తీసుకుందామని చెయ్యి దూర్చింది. చెయ్యి ఇరుక్కుపోయింది. పోస్టుమాన్ వచ్చి నవ్వుతూ చెయ్యి విడిపించాడు. కార్డును మాత్రం సంచిలో వేసుకుని పోయాడు.

ఆ వదిలేసిన మాట పెద్ద మాటేం కాదు. అందరూ చూసీ చూడకుండా దాటిపోయేదే. 'ఇక్కడ మేమంతా క్షేమం.'

ఊళ్లో ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండగా సంతోషకుమారి దగ్గరికే అందరూ ఉత్తరాలకు రావడానికి కారణం ఆ పిల్ల సిగ్గు. మొహం చూడదు. ప్రశ్నలు వెయ్యదు. విన్నది గడప దాటించదు. రాజ్యం లాంటి రైతుల ఇళ్లవాళ్లు కూడా పెరటిదారిన వచ్చి ఈ వసారాలో కూర్చుని రాయించుకునేవాళ్లు. అక్షరాలు గుండ్రంగా, ళ తోక పైకి మెలి తిరిగి, ముగ్గు వేసినట్టు ఉండేవి.

"అచ్చం వాళ్ల పిన్ని రాత" అనేది ఆదెమ్మ. "ఎస్తేరు ఇసకలో వేలు పట్టి దిద్దించిన ళ. చెయ్యి ఎక్కడికి పోతుంది?"

"ఇప్పుడా మాటెందుకు అత్తా?" అనేది రెబ్కా, చేతిలో ఉన్న గిన్నె చప్పుడు చేస్తూ. ఎస్తేరు రెబ్కా చెల్లెలు. సంతోషకుమారి ఒకటో తరగతిలో ఉండగా అక్కతో మాటామాటా పెరిగి ఊరు విడిచిపోయింది. అప్పటి నుంచి ఆమె రాయలేదు, ఈమె రాయించలేదు.

రెండేళ్లుగా ఊరి ఉత్తరాలు రాసీ చదివీ సంతోషకుమారి ఎవరికీ చెప్పని సంగతి ఒకటి కనిపెట్టింది. ఇల్లు సవ్యంగా జరుగుతున్నప్పుడు మనుషులు ఉత్తరాల్లో గొణుగుతారు. నసీమున్నీసా బీబీ నాగపూరు లారీల మీద తిరిగే కొడుకు పీరుకు రాయించే ఉత్తరాలు అలాంటివే. పిల్లి కోడిపిల్లను ఎత్తుకుపోయింది, పక్కింటివాళ్లు చూరునీళ్లు మనవైపు మళ్లించారు, నువ్వు తెచ్చిన చీర రంగు ఒక్క ఉతుక్కే పోయింది, నీకు కళ్లు లేవుట్రా? కార్డు చాలక అంచుల వెంట కూడా తిప్పి తిప్పి రాయాల్సి వచ్చేది. అదే ఇంట్లో పొయ్యి ఒకపూటే వెలిగిన నెలలో బీబీ చెప్పింది మూడు ముక్కలు. 'ఇక్కడ మేమంతా క్షేమం. నీకు దిగులొద్దు. ఒళ్లు జాగ్రత్త.' కార్డు ముప్పాతిక ఖాళీ. ఆ తెల్లచోటు చూస్తుంటే సంతోషకుమారికి ఆకలి వేసినట్టు ఉండేది.

కిందటేడు పత్తిని తెల్లదోమ తినేశాక ఊళ్లో ఖాళీ కార్డులు పెరిగాయి. క్షేమాలు పెరిగాయి.

రాజ్యం ఉత్తరాలూ అలాగే మారాయి. బుల్లయ్య కౌలు చేను ఎండబెట్టుకుని క్యాంపుకు వెళ్లిన కొత్తలో, గేదె తన్ని తవ్వెడు పాలు ఒలకబోసిందనీ, అత్తగారు పులుసులో రెండుసార్లు ఉప్పేసి ఒప్పుకోవడంలేదనీ చెప్పేది. గేదెను అమ్మేసిన తరవాత మాత్రం 'గేదె బాగా పాలిస్తోంది. మేమంతా క్షేమం' అనే చెప్పేది. చెబుతూ చేతులు కొంగులో దాచుకునేది. ఆ చేతులు మండుతున్నాయని సంతోషకుమారికి తెలుసు. ఇంకొకరి కళ్లంలో, ఎర్రటి ఎండుమిర్చి కుప్పల ముందు కూర్చుని, రంగుపోయిన తాలుకాయలు ఏరే పనికి పోతోంది రాజ్యం.

"మా ఇంటి ఆడది ఒకరి కళ్లంలో కూర్చునే రోజొస్తే నేనీ ఊళ్లో ఉండను అన్నాడు వెళ్లేప్పుడు" అని ఒకసారి చెప్పింది రాజ్యం. "ఇది తెలిస్తే తలెత్తలేక ఎటో వెళ్లిపోతాడు. నీ మీద ఒట్టు సంతోషం. నీ కలం జారకూడదు."

కలం జారలేదు. ఆగింది. 'క్షేమం' దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. పక్కనే రాజ్యం వేళ్లు ఊదుకుంటోంది. సంతోషకుమారి ఆ వరస వదిలి కింది వరస నుంచి మొదలుపెట్టింది.

"ఏదీ? ఆ రాతగత్తె ఏదీ?"

వీధిలో కేక. కోడి గంపలో కొక్కొక్కో అంది. సంతోషకుమారి గోడకు ఇంకాస్త అంటుకుపోయింది. వసారా ఎక్కింది వెంకటరావమ్మ, బుల్లయ్య తల్లి. ఆమె వెనక సాక్షాత్తూ బుల్లయ్య. నల్లబడి, చిక్కి, గడ్డం మాసి, కళ్లు ఉబ్బి ఉన్నాడు. భుజాన గుడ్డసంచి. అతని వెనక వీధిలో సగంమంది పిల్లలు.

"నేను చచ్చానంట, తెలుసా ఆదెమ్మా?" అంది వెంకటరావమ్మ. "గంగావతిలో చచ్చానంట!"

"ఎప్పుడు పోయారమ్మా?" అంది ఆదెమ్మ లేచి కూర్చుంటూ. "నాకు కబురే లేదే."

"నాకు మాత్రం ఉందా? చావిట్లో కూర్చుని మాగాయ అన్నం కలుపుకుంటున్నా. వీధి మలుపు నుంచి ఒకటే ఏడుపు. 'అమ్మా, నన్నొదిలి పోయావా అమ్మా' అని. ఎవరి తల్లో పాపం అని నేనూ నాలుగు కన్నీళ్లు పెట్టుకున్నా. తీరా చూస్తే వీడు! నన్ను చూసి కెవ్వుమన్నాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది."

"నువ్వూరుకోమ్మా" అన్నాడు బుల్లయ్య తల వంచుకుని.

"ఎందుకు ఊరుకోవాలిరా? కొడుకు ఎలా ఏడుస్తాడో చెవులారా విన్న తల్లి ఈ ఊళ్లో ఇంకెవరైనా ఉందా?"

ఆ గొంతులో కోపం ఉంది గానీ, కోపం కింద ఇంకేదో మిఠాయిలాంటిది కూడా ఉందని తలుపు చాటు పిల్లకు తెలిసింది.

బుల్లయ్య జేబులోంచి కార్డు తీశాడు. చెమటకు మెత్తబడిపోయింది. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా. ఏమీ అనను. ఇందులో క్షేమం ఏదీ?"

సంతోషకుమారి డైరీని మొహానికి అడ్డం పెట్టుకుంది.

"క్యాంపులో పదిమందికి చూపించా. క్షేమం లేకుండా మొదలైన కార్డంటే మనవైపు చావుకార్డేగా? పెద్దామె పోయుంటది, నువ్వు తట్టుకోలేవని పేరు రాయలేదు, పోరా అన్నారందరూ. ఒక్కరే కాదన్నారు. మా ఉత్తరాలు రాసిపెట్టేవాళ్లు. 'ఇది చావు కాదు బుల్లయ్యా, రాసే పిల్లకి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు' అన్నారు. నేను వినలా. గుంతకల్లులో రైలెక్కినవాణ్ణి నరసరావుపేట దాకా ఏడుస్తూనే ఉన్నా. చెప్పమ్మా. ఎందుకు రాయలా?"

 చెయ్యి రాలేదు అని ఎవరో అంత దూరాన ఉన్న మనిషికి తెలిసిపోయింది! బుల్లయ్య పంపే కార్డుల మీది రాత సంతోషకుమారికి బాగా గుర్తే. అక్కడ కూడా ళ తోక పైకి మెలి తిరిగే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు, ఈ లోకంలో తనలా రాసేవాడు ఇంకొకడున్నాడని మురిసిపోయి డైరీలో ఆ ఒక్క అక్షరమే పేజీ నిండా రాసుకుంది. నాయనమ్మ చూసి, "ఎవడే వాడు?" అని రెండు రోజులు ఏడిపించింది.

గరిటె చేత్తోనే రెబ్కా బయటికి వచ్చింది. "నువ్వు మాట వదిలేశావా? ఎదటివాళ్ల ఉత్తరంలో నీకేం పనే? నోరు తెరువు!"

తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. "ఆయన్ని అటు తిరగమను అమ్మా. చెప్తాను."

"దానికి మొహం చూస్తే మాట రాదయ్యా" అంది ఆదెమ్మ. "గోడవైపు తిరుగు. నీ సొమ్మేం పోదు."

బుల్లయ్య వింతగా చూసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. సంతోషకుమారి తలుపు చాటు నుంచి ఒక అడుగు బయటికి వేసింది.

"మీరు వెళ్లిన కొత్తలో రాశారు కదండీ. అక్కడ నీళ్లు చప్పగా ఉన్నాయని, అన్నంలో బెడ్డలని, దోమలు ఈగలంత ఉన్నాయని, గోంగూర దొరకదని. కార్డంతా తిట్లే. అవి చదువుతుంటే రాజ్యం గారు పొట్ట పట్టుకుని నవ్వేవారు. క్రిస్మస్ దాటాక మీరు తిట్టడం మానేశారు. పొలాల మీద అజమాయిషీ పని ఇచ్చారని, గొడుగేసుకుని గట్టు మీద నిలబడటమేనని, క్షేమమని, అంతే. ఆ కార్డు చదివిన రోజు రాజ్యం గారు అన్నం తినలేదు. క్షేమం అని రాసిన ప్రతిసారీ మీ ఇద్దరి మధ్య ఏదో గోడ కట్టినట్టు ఉంటోంది. కట్టేది నేను. అందుకని..."

 ఆమె కళ్లు ఎదురుగా ఉన్న వీపు మీద పడ్డాయి. చొక్కా కాలరు పైన, మెడ వెనక, చర్మం అరిగి, నల్లబడి, గుప్పెడంత కాయ కాసి ఉంది.

"గొడుగు కింద నిలబడితే మెడ మీద అలా కాయ కాయదు కదండీ" అంది. అనాలని అనుకోలేదు. వచ్చేసింది.

 బుల్లయ్య చెయ్యి మెడ మీదికి వెళ్లింది. దాచుకోవడానికి ఆలస్యమైపోయింది. వెంకటరావమ్మ వచ్చి ఆ చెయ్యి పక్కకు తీసి, తన బొటనవేలితో ఆ కాయను తడిమింది. 

"రైసుమిల్లులో బస్తాలు" అన్నాడు బుల్లయ్య గోడతోనే. "కాలవకి నీళ్లు కట్టేశారు. పొలం పనుల్లేవు. అజమాయిషీ ఎవడిస్తాడమ్మా నాకు?"

కాసేపటికి ఇటు తిరిగాడు. "నాది సరే. నా ఇంటి సంగతి చెప్పండి. రాట దగ్గర తాడు కూడా లేదు. గేదె మేతకి పోయిందంటుంది మా అమ్మ. పలుపుతో సహా పోతుందా మేతకి? రాజ్యం ఏదీ?"

వెంకటరావమ్మ ఆదెమ్మను చూసింది. ఆదెమ్మ కోడి గంపను చూసింది. రెబ్కా గరిటెను చూసుకుంది. సంతోషకుమారి చెవుల్లో రాజ్యం మాటలు మోగాయి. తెలిస్తే తలెత్తలేక ఎటో వెళ్లిపోతాడు. నీ మీద ఒట్టు. అతని భుజాన సంచి ఇంకా దిగలేదు. వెనక్కి తిరిగితే మూడింటి బస్సు ఉంది.

సరిగ్గా అప్పుడు వీధిలో ఒక పిల్లాడు తుమ్మాడు. పక్కవాడు తుమ్మాడు. ఆదెమ్మ తుమ్మింది. పిల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ రాజ్యం పరుగున వచ్చింది. మొగుడు వచ్చాడన్న కబురు చేరగానే లేచి వచ్చేసినట్టుంది. చీర దులుపుకోలేదు. జుట్టు నిండా, కనుబొమల నిండా ఎర్రటి దుమ్ము. వసారా మెట్టు దగ్గర ఆగి, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"వచ్చారా?" అంది.

ఏదో అనబోయి బుల్లయ్య తుమ్మాడు. మళ్లీ అనబోయి మళ్లీ తుమ్మాడు. లోపలి గదిలో ప్రేమదాసు పెద్ద తుమ్ముతో లేచి, "ఏంటి, గంట కొట్టాలా?" అని అరిచాడు.

"ఇంట్లో కారం దంచుతున్నా" అంది రాజ్యం.

"అబద్ధం" అన్నాడు బుల్లయ్య కళ్లు తుడుచుకుంటూ. "కారం దంచితే వీధి తుమ్ముతుంది. ఊరు తుమ్మదు. ఎవరి కళ్లం?"

రాజ్యం తలుపు దగ్గర ఉన్న సంతోషకుమారి వైపు చూసింది.  నేను చెప్పలేదు అని ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఊపినంత మాత్రాన నమ్ముతుందా?

"చేతులు చూపించు" అన్నాడు బుల్లయ్య.

"ముందు మీ మెడేంటో చెప్పండి" అంది రాజ్యం. మెట్టు మీది నుంచే చూసేసింది.

 మెల్లగా ఆమె చేతులు ముందుకు వచ్చాయి. వేళ్లు ఎర్రగా పొంగి, చర్మం పొట్టులా లేచి ఉన్నాయి. బుల్లయ్య సంచి సర్దుకున్నాడు.  వీధివైపు చూశాడు. మళ్లీ ఆ చేతులు చూశాడు. అరుగు మీద చతికిలబడి, సంచి కింద పెట్టి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. అది ఏడుపో మిరప ఘాటో ఎవరికీ తెలియలేదు. అందరి కళ్లూ కారుతూనే ఉన్నాయి.

"నువ్వు ఏరిన కాయలు బస్తాలకెత్తాక, ఎవరు మోస్తున్నారు అక్కడ?" అన్నాడు తువ్వాలు లోపలి నుంచి.

"మనిషి దొరక్క మేస్త్రి తిట్టుకుంటున్నాడు."

"రేపు నేనొస్తా. నువ్వేరు, నేను మోస్తా. వచ్చే పంట కారుకి కౌలు సంగతి చూద్దాం." తువ్వాలు తీశాడు. "ఇంతకీ గేదె?"

"అమ్మేశా."

"మంచిపని చేశావు. తన్నేది."

ముందు నవ్వింది ఆదెమ్మ. తరవాత ఇంకెవరూ ఆపుకోలేకపోయారు. నవ్వుతూ తుమ్ముతూ, తుమ్ముతూ నవ్వుతూ వెంకటరావమ్మ కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. "పద, నాకు దినం భోజనం పెట్టుదువుగాని. మాగాయ ఇంకా విస్తట్లోనే ఉంది."

ముగ్గురూ వెళ్లారు. వెళ్తూ రాజ్యం ఒక్కసారి వెనక్కి తిరిగి సంతోషకుమారిని చూసింది. నవ్వలేదు. కోప్పడలేదు.

అరుగు కింద గుడ్డసంచి ఉండిపోయింది.

"నువ్వు చేసిన నిర్వాకానికి నువ్వే వెళ్లి ఇచ్చిరా" అంది రెబ్కా. చేతిలో బుల్లయ్య వదిలేసిన కార్డు ఉంది. ఆమెకు చదువు రాదు. అయినా ఆ అక్షరాల్లో దేన్నో వెతుకుతున్నట్టు చూస్తోంది.

దీపాలు పెట్టే వేళకు సంతోషకుమారి సంచి పట్టుకుని బుల్లయ్య ఇంటి ముందు నిలబడింది. లోపల నుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఇన్నాళ్లూ తన చేతిమీదుగా వెళ్లిన మాటలు ఇప్పుడు తనతో పనిలేకుండా తిరుగుతున్నాయి. "అక్కడ నీళ్లు నీళ్లేనా? చప్పటి నీళ్లు." "ఇక్కడ మీ అమ్మ పులుసు తాగితే తెలుస్తుంది." సంతోషకుమారికి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. తిట్టుకుంటున్నారు. ఇంక పరవాలేదు.

తలుపు తట్టింది. రాజ్యం తీసింది. తలంటుకుంది. చేతులకు వెన్న రాసుకుని ఉంది. సంచి తీసుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రేపట్నుంచి నా ఉత్తరాలు నువ్వు రాయొద్దు సంతోషం" అంది.

పిల్ల తల వాలిపోయింది. "నేను చెప్పలేదండీ. ఒట్టండీ."

"చెప్పలేదని తెలుసులేవే. మొగుడు ఇంట్లో ఉండగా ఎవరికి రాయించాలి నేను?" రాజ్యం వెన్న చేత్తోనే ఆ పిల్ల బుగ్గ గిల్లింది. బుగ్గ భగ్గున మండింది. అంత హాయిగా ఎప్పుడూ మండలేదు.

"ఆ పిల్లేనా?" లోపల నుంచి బుల్లయ్య గొంతు. "ఒక మాట మర్చిపోయానమ్మా. మా ఉత్తరాలు రాసే ఆవిడ కూడా నాతో వచ్చింది. నా ఏడుపు చూడలేక తోడొచ్చింది. ఊళ్లోకి రావడానికి మొహం చెల్లదని పేట బస్టాండులో ఆగిపోయింది."

సంతోషకుమారి తల ఎత్తింది. "ఆవిడా?"

"నీ కార్డు పట్టుకుని, ఈ ళ రాసింది ఎవరి పిల్ల అని అడిగింది. చెప్పాను. నీ గురించి ఇంకేం అడగలా. ఒక్కటే అడిగింది. 'రెబ్కా క్షేమమేనా' అని."

"ఆవిడ పేరు..."

"ఎల్లకాలం ఊరివాళ్ల కబుర్లే మోస్తావుటే?" అంది రాజ్యం. "ఏడాదికి వచ్చాడు నా మొగుడు. రేపు చెబుతాడు, పో."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.